రేటు తేలాకే చక్రం కదలాలి

బ్యాంకాక్ వెళ్లొచ్చినవాళ్లను పలకరిస్తే గుళ్ల గురించి, సముద్రం గురించి చెప్పేకన్నా ముందే టాక్సీవాడు ఎంత గుంజాడో చెబుతారు. 2023 నవంబరులో థాయ్‌లాండ్ మన దేశం వాళ్లకు వీసా అవసరం లేకుండా చేశాక ఈ కథలు మరీ ఎక్కువయ్యాయి. తెనాలి, ఖమ్మం, నిజామాబాద్ లాంటి ఊళ్ల నుంచి కూడా కుటుంబాలకు కుటుంబాలే వెళ్తున్నాయి. రిటైరైన టీచర్లు, ఎరువుల కొట్టువాళ్లు, చీటీ పాడుకుని ఆ డబ్బుతో బయల్దేరిన అక్కచెల్లెళ్లు. శంషాబాద్‌లో విమానమెక్కితే నాలుగు గంటలు తిరక్కుండానే అక్కడ దిగుతారు. దిగిన అరగంటలోనే ఎవరో ఒకరు ‘టాక్సీ, టాక్సీ’ అంటూ ఎదురొస్తారు.

ఈ కథలు చెప్పేవాళ్లు రెండు రకాలు. ‘విదేశం కదా, పోనీలే’ అని అడిగినంతా ఇచ్చి వచ్చినవాళ్లు కొందరు. దిగాక రోడ్డు మీద కేకలేసి, చుట్టూ జనం పోగయ్యాక, చివరికి అంతే ఇచ్చి వచ్చినవాళ్లు మరికొందరు. ఇద్దరూ ఒకే చోట ఓడిపోయారని నా అభిప్రాయం. బండి కదిలేముందు మాట్లాడాల్సిన సంగతిని బండి ఆగాక మాట్లాడారు. ఈ మాట నేను పుస్తకాలు చదివి చెప్పడం లేదు. గుంటూరు జిల్లాలో ఆర్టీసీ కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఛార్జీ దగ్గర మనిషికీ మనిషికీ ఎక్కడ తేడా వస్తుందో, ఎలా వస్తుందో చూడటమే నా ఉద్యోగం.

మా ఉద్యోగంలో అన్నిటికన్నా ముందు నేర్పే నియమం ‘ఇష్యూ అండ్ స్టార్ట్’. ఎక్కినవాళ్లందరికీ టికెట్లు కొట్టాకే బస్సు కదలాలి. చెకింగ్ వాళ్లు దారిలో బస్సు ఆపి టికెట్ లేని మనిషిని పట్టుకుంటే, ఈ నియమం తప్పావని కండక్టరు మీద కేసు రాస్తారు. ఆ కేసులతో ఉద్యోగాలు పోయినవాళ్లున్నారు, ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లున్నారు. టికెట్లు కొట్టే టిమ్స్ మిషన్లు రాకముందు చేతిలో టికెట్ల ట్రే, చంకలో బ్యాగు ఉండేవి. స్టేజీ స్టేజీకీ ట్రేలో మిగిలిన టికెట్ల నంబర్లు ఎస్.ఆర్. అనే లెక్కల కాగితంలో ఎక్కించాలి. కిటకిటలాడే బస్సులో ఒంటిచేత్తో అంత పని ఎందుకని కొత్తల్లో అందరం విసుక్కునేవాళ్లం. పని చేస్తుండగా దాని విలువ తెలిసొచ్చింది. బస్సు ఆగి ఉన్నప్పుడు పాసింజరుకు బలం ఉంటుంది. రేటు నచ్చకపోతే దిగిపోతాడు, వెనక బస్సు ఎక్కుతాడు. బస్సు ఊరు దాటాక ఆ బలం ఉండదు. చీకట్లో, సామానుతో, పిల్లల్తో ఎక్కడ దిగుతాడు? ఎంత అంటే అంత ఇవ్వాల్సిందే. కదిలేముందే టికెట్ చేతిలో పెట్టడం వల్ల పాసింజరు ఆ ఇబ్బందిలో పడడు. అతని నిస్సహాయతను వాడుకోవాలన్న ఆశ కండక్టరుకు పుట్టదు.

మా అమ్మాయి, అల్లుడు కలిసి మమ్మల్ని బ్యాంకాక్ తీసుకెళ్లినప్పుడు నేను ఈ నియమాన్ని వెంట తీసుకెళ్లాను. అది అక్కడా అక్షరాలా పనికొచ్చింది. అందుకే నాలుగు మాటలు రాయాలనిపించింది.

ముందు ఎయిర్‌పోర్టు సంగతి. సువర్ణభూమి 2006లో తెరిచిన పెద్ద విమానాశ్రయం. సామాను తీసుకుని రెండో అంతస్తులో బయటికి రాగానే, టై కట్టుకున్న ఒకతను ప్లాస్టిక్ అట్ట వేసిన రేట్ల కార్డు పట్టుకుని మా అల్లుడి పక్కనే నడవడం మొదలుపెట్టాడు. సిటీలోకి పన్నెండు వందల బాట్లని కార్డు మీద వేలు పెట్టి చూపించాడు. బాట్ అంటే మనకు రెండున్నర రూపాయలకు పైమాటే. అంటే మూడు వేల రూపాయలు దాటిపోయాయి. మేం ఆగకుండా కింది అంతస్తుకు దిగాం. సర్కారు లెక్కలో నడిచే మీటరు టాక్సీల వరుస అక్కడ ఉంటుంది. అక్కడ మిషన్లున్నాయి. మీట నొక్కితే చీటీ వస్తుంది. ఏ నంబరు దగ్గర మన టాక్సీ ఆగి ఉందో, ఆ బండి ఏదో, దాని డ్రైవరెవరో ఆ చీటీలో ఉంటుంది. ఆ చీటీని డ్రైవరుకు ఇవ్వకూడదు, మన దగ్గరే ఉంచుకోవాలి. నా దృష్టిలో అది టికెట్టే. రేపు ఏ తేడా వచ్చినా ఏ బండి, ఏ డ్రైవరు అన్నదానికి అదే సాక్ష్యం.

మీటరు లెక్క కూడా తెలుసుకుని వెళ్లాలి. చిన్న కారైతే 35 బాట్లతో, పెద్ద బండైతే 40తో మొదలవుతుంది. మొదటి కిలోమీటరు దాటాక పది కిలోమీటర్ల దాకా కిలోమీటరుకు ఆరున్నర, ఆ తర్వాత ఏడు, ఇరవై దాటితే ఎనిమిది. ట్రాఫిక్‌లో బండి ఆగిపోతే నిమిషానికి మూడు బాట్లు. ఎయిర్‌పోర్టు నుంచి సిటీ నడిబొడ్డుకు సుమారు ముప్ఫై కిలోమీటర్లు. కాగితం మీద లెక్కవేస్తే 250 బాట్లకు కాస్త అటూఇటూ, ట్రాఫిక్ ఉంటే ఇంకొంచెం. దీనికి తోడు ఎయిర్‌పోర్టులో ఎక్కినందుకు 50 బాట్లు, ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తే టోలు. ఈ రెండూ పాసింజరే కట్టాలి, అది అక్కడి పద్ధతి. మనవాళ్లు చాలామంది మీటరు 270 చూపించినా వాడు నాలుగొందలు తీసుకున్నాడని తిట్టుకుంటారు. కూడి చూస్తే అతను తీసుకున్నది న్యాయమే. లెక్క తెలియకపోతే మోసపోవడం ఒక నష్టమైతే, మోసం చేయని మనిషిని దొంగ అనడం ఇంకో తప్పు. కండక్టరుగా ఆ మాట పడ్డదాన్ని కాబట్టి దాని నొప్పి నాకు తెలుసు.

సామాను తక్కువుంటే అసలు టాక్సీయే అక్కర్లేదు. విమానాశ్రయం అడుగునే రైలుంది. 2010 నుంచి నడుస్తోంది. చివరి స్టేషన్ ఫయాథాయ్ దాకా 45 బాట్లు, అరగంటలోపు ప్రయాణం. అక్కడ బీటీఎస్ అనే ఆకాశ రైలు అందుతుంది. అర్ధరాత్రి దాకా బళ్లుంటాయి. స్టేషన్లో రేట్ల పట్టిక గోడ మీదే ఉంటుంది, బేరానికి తావే లేదు.

ఊళ్లో తిరిగేటప్పుడు అసలు పరీక్ష ఎదురవుతుంది. ఒక సాయంత్రం ప్రతునామ్ బజారులో మా అమ్మాయి బట్టలు కొనేసరికి వాన పట్టుకుంది. ఎగుమతి బట్టలు హోల్‌సేల్‌గా దొరికే చోటు కాబట్టి మనవాళ్లు ఎప్పుడూ కనిపిస్తారు. రోడ్డంతా బళ్లు, చేతుల్లో సంచులు. మా హోటలు సుఖుంవిట్ రోడ్డులో నానా దగ్గర, మూడు కిలోమీటర్లుంటుందేమో. మొదట ఆగిన టాక్సీ డ్రైవరు అద్దం సగం దించి, ఫోన్లో అంకెలు నొక్కి చూపించాడు. 400. నేను ‘మీటర్’ అన్నాను. తల అడ్డంగా ఊపి, బయట వానను చూపించాడు. మా అల్లుడు ‘అత్తయ్యా, తడిసిపోతున్నాం, నాలుగొందలేగా, ఎక్కేద్దాం’ అన్నాడు. ‘వద్దు బాబూ, తొందరేం లేదు’ అన్నాను. డ్రైవరుకు చేత్తో నమస్కారం పెట్టి, పక్కనున్న షాపు చూరు కిందికి జరిగాం. రెండోవాడు 300 అన్నాడు. అతనికీ నమస్కారమే.

తర్వాత వచ్చిన టాక్సీ ఆకుపచ్చ, పసుపు రంగులది. ఈ రెండు రంగుల బళ్లు డ్రైవర్ల సొంతవి. గులాబీ, నీలం లాంటి ఒంటి రంగు బళ్లు కంపెనీలవో సంఘాలవో అయివుంటాయి. ఇతను పెద్దాయన, మా వారి వయసుంటుంది. ‘మీటర్?’ అంటే తలూపాడు. మేం కూర్చుని తలుపు వేశాక మీట నొక్కాడు. ఎర్ర అంకెల్లో 35 వెలిగింది. అప్పుడు బండి కదిలింది. ఆ క్షణంలో నాకు కలిగిన నెమ్మది నా ఉద్యోగం చేసినవాళ్లకే అర్థమవుతుంది. ఛార్జీ అందరి కళ్ల ముందూ ఉంది, ఇక దాని గురించి ఎవరూ ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. ట్రాఫిక్‌లో ఆగుతూ ఆగుతూ హోటలు చేరేసరికి 87 అయింది. వంద నోటిచ్చాను. పది బాట్ల బిళ్ల, మూడు చిన్న బిళ్లలు లెక్కపెట్టి నా చేతిలో పోశాడు. ఆ పది బాట్ల బిళ్ల తిరిగి ఆయన చేతిలోనే పెట్టాను. అది నేను ఇష్టంగా ఇచ్చింది. అంతకుముందు మొదటి డ్రైవరు అడిగిన నాలుగొందలకూ దీనికీ తేడా డబ్బులో మాత్రమే లేదు. ఒకటి నా అవసరం చూసి అడిగినది, రెండోది నా మనసు కొద్దీ ఇచ్చినది.

ఆ నాలుగొందలు అడిగినతను దుర్మార్గుడని నేననను. అతని బతుకు కూడా తెలుసుకోవాలి. బ్యాంకాక్ టాక్సీ డ్రైవర్లలో చాలామంది ఈశాన్ అనే ఈశాన్య ప్రాంతపు పల్లెల నుంచి వచ్చినవాళ్లు. అక్కడ వరి పండిస్తారు, నీళ్లు తక్కువ, అప్పులు ఎక్కువ. పొలం పని లేని రోజుల్లో పట్నం వచ్చి స్టీరింగు పడతారు. సొంత బండి లేనివాళ్లు గ్యారేజీ నుంచి రోజుకింత అని అద్దెకు తీసుకుంటారు. రోజు మొదలవగానే అద్దె బాకీ, గ్యాసు ఖర్చు నెత్తిన ఉంటాయి. అవి పోగా మిగిలిందే కూలి. వానలో మూడు కిలోమీటర్లకు ముప్పావు గంట పడితే మీటరు మీద వచ్చేది వందో, నూటయాభయ్యో. ఆ ముప్పావు గంటలో అతను పోగొట్టుకునేది ఎక్కువ.

ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. బ్యాంకాక్‌లో టాక్సీలకు మీటర్లు పెట్టింది 1992లో. అప్పుడు మొదలయ్యే రేటు 35 బాట్లు. చిన్న కార్లకు ఇప్పటికీ అదే 35. కిలోమీటరు రేట్లు మధ్యలో పెంచారు, 2023 జనవరిలోనూ కొంచెం పెంచారు. మొదటి అంకె మాత్రం ముప్ఫై ఏళ్లు దాటినా కదల్లేదు. ఈలోగా బియ్యం ధర కదలకుండా ఉందా, ఇంటద్దె కదలకుండా ఉందా? మన దగ్గర చూడండి. హైదరాబాద్‌లో ఆటో ఛార్జీ 2014లో ఖరారు చేశారు. మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపై కిలోమీటరుకు 11. ఆ తర్వాత ఏళ్ల తరబడి దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. ఆటోల్లో మీటర్లు మూలపడ్డాయి. ఇప్పుడు సికింద్రాబాద్ స్టేషన్ బయట నిలబడి మీటరు వేయమని అడిగితే వింతగా చూస్తారు. చట్టంలో రాసిన రేటు బతుక్కి చాలనప్పుడు ఆ రేటును ఎవరూ పాటించరు. పాటించనప్పుడు ఎంతైనా అడగొచ్చన్న ధైర్యం వస్తుంది. ఆ ధైర్యానికి ముందు బలయ్యేది భాష రాని మనిషి, దారి తెలియని మనిషి, రాత్రి పూట దిగిన ఆడమనిషి.

అందుకని డ్రైవరు అడిగినంతా ఇచ్చేయాలా? అక్కర్లేదు. మా జీతాలు చాలని రోజులున్నాయి, సమ్మెలు చేసిన రోజులున్నాయి. అయినా ఆ లోటు పూడ్చుకోవడానికి పాసింజరు దగ్గర ఐదు రూపాయలు ఎక్కువ కొట్టే హక్కు మాకు లేదు. డ్రైవరు కష్టానికి జవాబు చెప్పాల్సింది రేటు ఖరారు చేసే ప్రభుత్వం. ఆ బాకీని ఎదురొచ్చిన పరదేశి దగ్గర వసూలు చేసుకోవడం న్యాయం కాదు. థాయ్ చట్టమూ ఈ మాటే చెబుతుంది. ఖాళీ టాక్సీ పాసింజరును ఎక్కించుకోనంటే వెయ్యి బాట్ల దాకా జరిమానా వేయొచ్చు.

ఎక్కువ అడిగేవాళ్ల కన్నా తక్కువ అడిగేవాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రాజప్రాసాదానికి నడిచి వెళ్తుంటే చక్కగా బట్టలేసుకున్న ఒకాయన ఎదురొచ్చి, ఈ పూట ఏదో పూజ ఉంది, మధ్యాహ్నం దాకా తెరవరు అన్నాడు. మెల్లగా టుక్‌టుక్ అనే అక్కడి ఆటోను పిలిచి, ఈలోగా నాలుగు గుళ్లు తిప్పి తీసుకొస్తాడు, ఇరవై బాట్లే అన్నాడు. బ్యాంకాక్‌లో ఇది ఏళ్లనాటి ఎత్తు. టుక్‌టుక్‌లకు మీటరుండదు. ఇరవై బాట్లకు గంటసేపు తిప్పితే ఇంధనం ఖర్చు కూడా రాదు. ఆ ఖర్చు భరించేది రత్నాల షాపులు, దర్జీ షాపులు. మనల్ని అక్కడికి తీసుకెళ్తే డ్రైవరుకు కమీషనో ఇంధనం కూపనో ఇస్తారు. చివరికి పనికిరాని రంగురాయికి వేల బాట్లు పోసేది మనమే. డిపోలో డీజిలు లెక్కలు విన్నదాన్ని, బండి నడవడానికి ఎంత అవుతుందో నాకు తెలుసు. ఖర్చు రాని రేటుకు ఎవరైనా తిప్పుతానంటే ఆ ఖర్చు ఇంకో దారిలో మన నెత్తిన పడుతుందని అర్థం. మేం ఆయనకు దణ్ణం పెట్టి ముందుకు నడిచాం. ద్వారం బార్లా తీసే ఉంది. మనిషికి 500 బాట్లు టికెట్టు తీసుకుని లోపలికి వెళ్లాం. ప్రాసాదం రోజూ పొద్దున ఎనిమిదిన్నర నుంచి మూడున్నర దాకా తెరిచే ఉంటుంది. రాజకుటుంబ కార్యాలున్న రోజుల్లో మూసినా ఆ సంగతి ద్వారం దగ్గరి సిబ్బంది చెబుతారు, రోడ్డు మీద పోయేవాళ్లు చెప్పరు.

పట్టయాలో పద్ధతి వేరు. అక్కడ వెనక బెంచీలున్న చిన్న ట్రక్కులు బీచి రోడ్డు మీదుగా గుండ్రంగా తిరుగుతుంటాయి. సాంగ్‌థేవ్ అంటారు. మన షేరాటోల పద్ధతే. ఎక్కి కూర్చోవడం, దిగేచోట గంట నొక్కడం, దిగి డ్రైవరు చేతిలో పది బాట్లు పెట్టి వెళ్లిపోవడం. చాలా ఏళ్లుగా అదే రేటు. ఎక్కేముందు ఎంత అని అడిగితే బండి మొత్తం మాట్లాడుకుంటున్నారనుకుని వందా రెండొందలూ చెబుతాడు. మరి ఇక్కడ ముందే అడగాలన్న నా నియమం ఏమైందని అనొచ్చు. నియమం అదే. కదిలేముందు రేటు తెలిసి ఉండాలి. మీటరున్నచోట మీటరు చెబుతుంది. ఇక్కడ ఊరి వాడుక చెబుతుంది, దాన్ని హోటలు కౌంటరులో అడిగి తెలుసుకుని బయల్దేరాలి. ఫుకెట్‌లో మీటరు వేసే టాక్సీ దొరకడమే కష్టం, రేట్లూ ఎక్కువే. అక్కడ ఎయిర్‌పోర్టు నుంచి పటోంగ్, కరోన్, కాటా బీచ్‌ల మీదుగా బస్సు నడుస్తుంది. వంద బాట్ల టికెట్టు. బస్సు ఉందో లేదో కనుక్కోకుండా టాక్సీ ఎక్కేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

గ్రాబ్ లాంటి టాక్సీ యాప్‌లు అక్కడ 2021లో చట్టబద్ధమయ్యాయి. వాన పడితే వాటిలోనూ రేటు మీటరు కన్నా పెరుగుతుంది. అయినా నాకు వాటి మీద గౌరవమే. ఎంతో ముందే చెబుతాయి, నచ్చకపోతే వదిలేయొచ్చు. భాష రానివాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు అది పెద్ద అండ.

డబ్బు చేతులు మారేటప్పుడు మా ఉద్యోగంలో ఒక అలవాటుంది. ఎవరైనా పెద్ద నోటిస్తే ‘ఐదొందలిచ్చారండీ’ అని పైకి చెప్పి తీసుకుంటాం. పక్క సీటువాళ్లు కూడా వింటారు. తర్వాత వందే ఇచ్చావనీ, కాదు ఐదొందలిచ్చాననీ గొడవ రాదు. విదేశంలో ఈ అలవాటు ప్రతి ఒక్కరికీ ఉండాలి. నోటు ఎత్తి చూపించి, అంకె పైకి చెప్పి, అప్పుడు ఇవ్వాలి. ముఖ్యంగా వియత్నాంలో. అక్కడ ఇరవై వేల డాంగ్‌ల నోటు, ఐదు లక్షల డాంగ్‌ల నోటు రెండూ నీలం ఛాయవే. రాత్రి పూట టాక్సీలో మసక లైటు కింద ఒకటి అనుకుని ఇంకొకటి ఇస్తే ఇరవై ఐదు రెట్లు పోయినట్టే. చిల్లర లేదనే మాట ఏ దేశంలోనైనా వినిపిస్తుంది. అందుకే పొద్దున్నే ఏ కొట్టులోనో నీళ్ల సీసా కొని పెద్ద నోటు మార్చుకుని, ఇరవైలూ వందలూ విడిగా పెట్టుకోవాలి.

ఇన్ని చేసినా ఒక్కోసారి తేడా వస్తుంది. మీటరు వేసి, దిగేటప్పుడు ఇంకేదో అడుగుతాడు. అప్పుడేం చేయాలి? ముందు సామాను, మనుషులు దిగాలి. పెట్టె డిక్కీలో ఉండగా వాదన మొదలుపెట్టకూడదు. హోటలు ముందు ఆపించుకుంటే అక్కడి సిబ్బంది మధ్యలో మాట్లాడతారు. ప్రతి టాక్సీ వెనక తలుపుల లోపలి వైపు బండి నంబరు రాసి ఉంటుంది, ముందు డ్రైవరు కార్డుంటుంది. ఎక్కగానే నంబరు ఫొటో తీసుకోవాలి. టాక్సీల మీద ఫిర్యాదుకు అక్కడి రవాణా శాఖ నంబరు 1584. టూరిస్టు పోలీసుల నంబరు 1155, ఇంగ్లిషులో మాట్లాడతారు. చీకటిగా ఉండి, ఆడవాళ్లూ పిల్లలూ ఉండి, అవతలి మనిషి గొంతు పెంచితే, అడిగింది ఇచ్చి దిగిపోవాలి. ప్రాణం కన్నా డబ్బెక్కువ కాదు. దిగి, గదికి చేరి, స్థిమితపడ్డాక ఫోను చేయాలి.

మనవాళ్లు చేయనిది ఈ ఆఖరి పనే. వందో రెండొందలో పోయాయి, మళ్లీ ఎప్పుడొస్తాం, మనకెందుకులే అంటారు. నేను కౌంటరుకు అవతలి వైపు నుంచి చెబుతున్నాను. పాసింజరు టికెట్ నంబరుతో సహా ఒక్క ఉత్తరం ముక్క రాస్తే అది డిపోకు వస్తుంది. కండక్టరును పిలిచి సంజాయిషీ అడుగుతారు. ఆ ఉత్తరం భయం వంద మంది కండక్టర్లను దారిలో ఉంచుతుంది. మన ఫిర్యాదు వల్ల మన డబ్బు తిరిగి రాకపోవచ్చు, రేపు అదే బండి ఎక్కే ఇంకో ఊరి ముసలమ్మకు మీటరు పడొచ్చు.

ఇంకో మాట కూడా మనసులో దాచుకోలేను. మనలో చాలామందికి బేరమాడటం గొప్ప. మీటరు 87 చూపిస్తే ఎనభై తీసుకో అనేవాళ్లను అక్కడే చూశాను. రాసి ఉన్న రేటు డ్రైవరును కూడా కాపాడాలి. మన కోసం మీటరు కావాలన్నప్పుడు, మీటరు అతని వైపు చూపినప్పుడు కూడా ఒప్పుకోవాలి. అలాగే మన ఊరికొచ్చినవాళ్లను కూడా చూసుకోవాలి. తిరుపతి స్టేషన్లో దిగే తమిళ భక్తులు, చార్మినార్ చూడటానికొచ్చే బెంగాలీలు, విశాఖ బీచికొచ్చే ఒడిశా కుటుంబాలు మన డ్రైవర్ల గురించి వాళ్ల ఊళ్లో ఏం చెబుతున్నారో ఎప్పుడైనా ఆలోచించామా?

నేను అడిగేవి మూడే. మొదటిది, హైదరాబాద్, విజయవాడ, గుంటూరుల నుంచి విదేశీ ప్యాకేజీలు అమ్మే ట్రావెల్స్ వాళ్లు టికెట్లతో పాటు తెలుగులో ఒక పేజీ ఇవ్వాలి. ఆ ఊళ్లో టాక్సీ మీటరు ఎంతతో మొదలవుతుంది, ఎయిర్‌పోర్టు నుంచి రైలో బస్సో ఉందా, ఫిర్యాదు నంబరేది. వేల రూపాయలు తీసుకునేవాళ్లకు ఒక కాగితం అచ్చు వేయడం భారం కాదు. రెండోది, మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఆటో, టాక్సీ రేట్లను ఏటేటా సవరించాలి. డ్రైవరు సంసారం గడిచే రేటు పెట్టి, స్టేషన్ల దగ్గర, బస్టాండ్ల దగ్గర పెద్ద బోర్డు మీద తెలుగు, హిందీ, ఇంగ్లిషుల్లో రాయించాలి. న్యాయమైన రేటు పెట్టాకే మీటరు వేయనివాడి మీద కేసు పెట్టే అర్హత సర్కారుకు వస్తుంది. మూడోది ప్రయాణికులను అడుగుతున్నాను. ఏ దేశమైనా, ఏ బండైనా, రేటు తేలేదాకా తలుపు వేయకండి. తేలకపోతే కోపం లేకుండా దిగిపోండి. వెనకాల ఇంకో బండి వస్తుంది. తేలిన రేటును మాత్రం దిగాక మారు మాట్లాడకుండా ఇవ్వండి.